ఆటిజం ఉన్న పిల్లలతో మాట కలపడం: తల్లిదండ్రుల శిక్షణపై ఒక సమీక్ష

ఆటిజం ఉన్న పిల్లల గురించి ‘ఇంకా మాటలు రాలేదు’ అని ఇంట్లోవాళ్లు గుర్తించే సమయానికి, మాట కంటే ముందు రావలసినది ఒకటి రాక చాలాకాలమై ఉంటుంది. ఏడాది దాటిన పిల్లలు ఆకాశంలో విమానం పోతుంటే వేలు చూపి, వెంటనే తమను ఎత్తుకున్నవాళ్ల ముఖంలోకి చూస్తారు. విమానం వాళ్లకు అక్కర్లేదు. తాము చూసినదాన్ని ఇంకొకరూ చూశారా లేదా అన్నదే కావాలి. ఒకే వస్తువు మీద ఇద్దరి చూపూ కలిసే ఈ ఘట్టాన్ని పరిశోధకులు ఉమ్మడి దృష్టి అంటారు. పేర్లు, ప్రశ్నలు, కబుర్లు చాలావరకు దీని మీదే మొలుస్తాయి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఇది ఆలస్యంగా వస్తుంది, లేదా అరుదుగా కనిపిస్తుంది. బిస్కెట్ల డబ్బా కావలసిన మూడేళ్ల పిల్లవాడు అమ్మ మణికట్టు పట్టుకొని వంటింట్లోకి లాక్కెళ్లి ఆ చేతిని అర మీదికి తోస్తాడు. అమ్మ ముఖం వైపు చూడడు. ఇంకో పిల్లవాడు రైల్వే స్టేషను ప్రకటనను పొల్లుపోకుండా అప్పజెబుతాడు, దాహమేస్తే మాత్రం నీళ్లు అడగలేడు. మొదటివాడికి మాటలు లేవు, రెండోవాడికి బోలెడన్ని ఉన్నాయి. ఇద్దరికీ కొరవడింది ఎదుటి మనిషిని చేరుకునే దారి. అందుకే ఇక్కడ నేర్పవలసింది ఉచ్చారణ మాత్రమే కాదు. చూపు, సైగ, బొమ్మ, శబ్దం, మాట, టైపు చేసిన అక్షరం, వీటిలో ఏదైనా సరే, దానితో ఇంకొకరికి తన మనసులోది తెలియజేయడం.

ఈ పనిలో తల్లిదండ్రులకే శిక్షణ ఇవ్వాలన్న ఆలోచన వెనక లెక్క సులువైనది. పిల్లలు రోజుకు 12 గంటలు మెలకువగా ఉంటారనుకుంటే వారానికి 84 గంటలు. అందులో స్పీచ్ థెరపిస్టు దగ్గర గడిచేవి రెండో మూడో. మిగిలిన గంటలన్నీ స్నానాలు, భోజనాలు, బట్టలు, అలకలు, నిద్రలు. మాట అవసరం నిజంగా పుట్టేది అక్కడే. రెండో కారణం ఇంకా బలమైనది. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది ఒకచోట నేర్చుకున్నదాన్ని మరోచోటికి తేలిగ్గా తీసుకుపోలేరు. థెరపీ గదిలో కార్డు చూసి ‘బంతి’ అన్న పిల్లవాడు ఇంటి వరండాలో బంతి దొర్లిపోతుంటే మౌనంగా ఉంటాడు. మాట ఎక్కడ పనికిరావాలో అక్కడే నేర్పితే ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది. మూడో కారణం నిపుణుల కొరత. జిల్లా కేంద్రం దాటితే స్పీచ్ థెరపిస్టు దొరకని ప్రాంతాల్లో తల్లిదండ్రుల శిక్షణ థెరపీకి తోడుగా కాదు, దాదాపు దానికి బదులుగా నడుస్తోంది. ఈ మూడో కారణం ముందుకొచ్చినప్పుడల్లా మొదటి రెండు వెనక్కి పోతాయి. దాని పర్యవసానాలు చిన్నవి కావు.

‘తల్లిదండ్రుల శిక్షణ’ అన్న ఒకే పేరు కింద రెండు వేర్వేరు పనులు నడుస్తుంటాయి. ఒకటి ఆటిజం గురించి, హక్కుల గురించి, దొరికే సేవల గురించి వివరించి ధైర్యం చెప్పడం. దాని ఫలం ముందుగా అందేది తల్లిదండ్రులకు. రెండోది బిడ్డతో ఎలా ఆడాలో, ఎప్పుడు ఆగాలో, ఏ మాట అనాలో చేయించి నేర్పడం. ఇక్కడ తల్లి చేతులూ గొంతూ చికిత్సలో భాగమవుతాయి. ఈ రెంటినీ కలిపి లెక్కించడం వల్ల పరిశోధనా ఫలితాలు గందరగోళంగా తయారవుతున్నాయని 2015లో కారెన్ బేర్స్ బృందం గుర్తుచేసింది. ఈ వ్యాసం రెండోదాని గురించి.

నింద నుంచి భాగస్వామ్యానికి

తల్లిదండ్రులు నేర్పగలరన్న మాట చెల్లుబాటు కావడానికి ముందు, జబ్బు వాళ్ల వల్లే వచ్చిందన్న మాట పోవలసి వచ్చింది. 1943లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం వైద్య గ్రంథాల్లోకి వచ్చింది. ఆ కుటుంబాల్లో ఆప్యాయత తక్కువన్న వ్యాఖ్య కూడా దానితోపాటే వచ్చింది. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ పుస్తకం దాన్ని సిద్ధాంతం స్థాయికి తీసుకుపోయింది. తల్లి మనసు గడ్డకట్టడం వల్లే బిడ్డ ముడుచుకుపోయాడన్న ఆ వాదానికి రుజువంటూ ఏమీ లేదు. అయినా ఒక తరం తల్లులు దాన్ని మోశారు. కొందరు బిడ్డల్ని తమ నుంచి వేరుచేసి సంస్థల్లో ఉంచడానికీ ఒప్పుకున్నారు. దీన్ని శాస్త్రీయంగా తిప్పికొట్టినవాళ్లలో ముందువరసలో నిలిచింది బెర్నార్డ్ రిమ్లాండ్. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి. ఆటిజానికి మూలం పెంపకంలో కాదు, నాడీవ్యవస్థలో ఉందని ఆయన 1964 నాటి పుస్తకం వాదించింది. 1969లో కానర్ సైతం తల్లిదండ్రుల సభలో నిలబడి వాళ్లను నిర్దోషులుగా ప్రకటించాడు.

ఆ తరువాతి అడుగు నార్త్ కరోలినాలో పడింది. ఎరిక్ షాప్లర్, రాబర్ట్ రైక్లర్ తల్లిదండ్రులను సహ చికిత్సకులుగా తీసుకొని పనిచేశారు. 1972లో ఆ పద్ధతి టీచ్ పేరుతో రాష్ట్రవ్యాప్త కార్యక్రమమైంది. అదే కాలంలో లాస్ ఏంజెలస్‌లో ఐవార్ లోవాస్ గంటల తరబడి కూర్చోబెట్టి, చెప్పించి, బహుమతి ఇచ్చే ప్రవర్తనా పద్ధతిని నడిపాడు. తొలినాళ్లలో ఆయన శిక్షలను, విద్యుత్ షాకులను కూడా వాడాడు. ఆ గాయం ఇప్పటికీ మానలేదు. అయితే 1973లో ఆయన బృందం ప్రచురించిన ఒక పరిశీలన ఈ సమీక్షకు ముఖ్యం. చికిత్స ముగిశాక సంస్థలకు వెళ్లిన పిల్లలు నేర్చుకున్నది పోగొట్టుకున్నారు. శిక్షణ పొందిన తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లినవాళ్లు నిలబెట్టుకున్నారు, ఇంకా ముందుకు పోయారు.

బల్ల ముందు కూర్చోబెట్టే పద్ధతి నుంచి ఆటలోకి మళ్లడం 1970, 80 దశకాల్లో జరిగింది. బెట్టీ హార్ట్, టాడ్ రిజ్లీ రోజువారీ సందర్భాల్లోనే మాట రాబట్టే పద్ధతిని రూపొందించారు. శాంటా బార్బరాలో రాబర్ట్, లిన్ కోగెల్ దంపతులు బిడ్డ ఎంచుకున్న ఆటవస్తువు చుట్టూ పాఠం నడపాలన్నారు. కెనడాలో 1975లో మొదలైన హానెన్ కార్యక్రమం తల్లిదండ్రులకు బృందాలుగా తరగతులు పెట్టింది. ఆ తర్వాత శాలీ రోజర్స్, జెరాల్డిన్ డాసన్‌ల డెన్వర్ నమూనా, కోనీ కసారి రూపొందించిన జాస్పర్, ఇంగ్లండులో జొనాథన్ గ్రీన్ బృందం పెంచిన పాక్ట్ వచ్చాయి. పేర్లు పక్కనపెట్టి చూస్తే వీటిలో సగానికి పైగా సరుకు ఒక్కటే.

తల్లిదండ్రులు నేర్చుకునేది ఏమిటి

మొదట నేర్చుకోవలసింది ఆగడం. చాలా ఇళ్లలో బిడ్డ అడగవలసిన అవసరమే రాదు. మాటలు రాని బిడ్డ మీద జాలితో నాయనమ్మ నోటికి ముందే అందిస్తుంది. ఆకలి వేళ తెలిసిన తల్లి కంచం ముందే పెడుతుంది. ప్రేమ వల్ల జరిగే ఈ పని బిడ్డకు ఒక అవకాశాన్ని తప్పిస్తుంది. అందుకే శిక్షణలో చిన్న చిన్న ఖాళీలు పెట్టడం నేర్పుతారు. జంతికలను మూత గట్టిగా ఉన్న గాజుసీసాలో కనబడేలా ఉంచడం, బుడగలు ఒకసారి ఊది సీసా మూసేయడం, ఊయల రెండుసార్లు ఊపి ఆపడం, దోబూచులాటలో చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని ఒక క్షణం ఎక్కువ ఉండిపోవడం. ఆ ఖాళీలో బిడ్డ ఏం చేసినా, చూసినా, చెయ్యి చాపినా, ‘ఊ’ అన్నా, దాన్ని అడిగినట్టే లెక్కవేసి వెంటనే ఊయల కదపాలి. లోలోపల ఐదు అంకెలు లెక్కపెట్టమని శిక్షకులు చెబుతుంటారు. ఐదు అంకెల మౌనం తెలుగిళ్లలో చాలా పెద్ద మౌనం. ఇక్కడ ఒక హద్దు తప్పనిసరి. ఆటవస్తువునూ చిరుతిండినీ ఇలా ఆపవచ్చు గాని అన్నం, నీళ్లు, ఎత్తుకోవడం, ఓదార్పు ఆపి మాట రాబట్టడం తగదు. బిడ్డ ఏడుపుకు దిగాడంటే ఖాళీ ఎక్కువైందని అర్థం.

రెండోది బిడ్డ చూపు వెంట వెళ్లడం. పిల్లవాడు బొమ్మకారు చక్రాన్ని తిప్పుతూ కూర్చుంటే, ‘కారు అలా కాదు నాన్నా, ఇలా నడుపు’ అని లాక్కోవడం పెద్దల సహజ స్పందన. శిక్షణ దీన్ని తలకిందులు చేస్తుంది. తల్లి ఎదురుగా నేల మీద కూర్చొని ఇంకో కారు తీసుకొని తానూ చక్రం తిప్పుతుంది, ‘తిరుగుతోంది’ అంటుంది, ఊరుకుంటుంది. బిడ్డ దృష్టిని మన వైపు తిప్పడం కష్టం. మన మాటను బిడ్డ దృష్టి ఉన్నచోటికి చేర్చడం సులువు, ఫలితమూ ఎక్కువ.

మూడోది ప్రశ్నలు తగ్గించడం. ‘ఇదేంటి?’, ‘ఇదేం రంగు?’, ‘మామయ్యకు రైమ్ చెప్పు’ అనే పరీక్షలు పిల్లలతో పెద్దల సంభాషణలో చాలా చోటు ఆక్రమిస్తాయి. ఆటిజం ఉన్న బిడ్డ విషయంలో ఆందోళన కొద్దీ అవి ఇంకా పెరుగుతాయి. జవాబు చెప్పలేని బిడ్డకు ప్రతి ప్రశ్నా ఒక ఓటమి. ప్రశ్న స్థానంలో చిన్న వ్యాఖ్య పెట్టాలి: ‘ఎర్ర బస్సు’, ‘పడిపోయింది’, ‘వేడి వేడి ఇడ్లీ’. మాటల పొడవు బిడ్డ స్థాయికి ఒక మెట్టు పైన ఉంటే చాలు. ఈ విషయంలో తెలుగుకు ఒక వెసులుబాటుంది. క్రియలోనే కర్త ఇమిడి ఉండటంతో ‘వచ్చింది’, ‘ఇవ్వు’, ‘అయిపోయింది’ అన్న ఒక్కొక్క మాటే నిండు వాక్యం. వ్యాకరణం చెడగొట్టకుండానే ఒంటి మాటల్లో మాట్లాడవచ్చు.

అదే తెలుగులో ఒక చిక్కు కూడా ఉంది. అది చాలా ఇళ్లలో కనబడేదే. ఆటిజం ఉన్న పిల్లలు విన్నదాన్ని విన్నట్టే తిరిగి అనడం సాధారణం. తల్లి ‘నీళ్లు కావాలా?’ అని అడిగి గ్లాసు ఇస్తుంది. కొన్నాళ్లకు దాహం వేసినప్పుడల్లా పిల్లవాడు ‘నీళ్లు కావాలా?’ అంటాడు. ‘ఎత్తుకోనా?’ అంటూ చేతులు చాపుతాడు. ‘తింటావా?’ అంటే తనకు ఆకలిగా ఉందని. దీన్ని అర్థంలేని చిలకపలుకుగా కొట్టిపారేసిన రోజులున్నాయి. 1980ల తొలి ఏళ్లలో బారీ ప్రిజాంట్ చేసిన పరిశీలనలు ఇలా తిరిగి అనడంలో చాలాసార్లు ఉద్దేశం ఉంటుందని చూపాయి. అది అడగడం కావచ్చు, అవునని చెప్పడం కావచ్చు, తనను తాను సముదాయించుకోవడం కావచ్చు. కాబట్టి దాన్ని మాన్పించనక్కర్లేదు. బిడ్డ నోట ఏ మాట రావాలో ఆ మాటనే, బిడ్డ పక్షాన నిలబడి, తల్లి అనాలి. గ్లాసు చూపి ‘నీళ్లు కావాలి’. చేతులు చాపిన బిడ్డను ఎత్తుకుంటూ ‘ఎత్తుకో’. ‘కావాలా’కూ ‘కావాలి’కీ మధ్య తేడా ఒక్క అచ్చు. ఆ ఒక్క అచ్చును మార్చుకోవడానికి ఇంటిల్లిపాదికీ వారాలు పడుతుంది.

ఇవన్నీ ఉపన్యాసంలో వింటే రావు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఆన్ కైజర్ బృందం వాడే క్రమంలో వివరించడం, చేసి చూపించడం, తల్లి చేస్తుంటే పక్కనుండి సరిదిద్దడం, చివర కలిసి చర్చించడం ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. పాక్ట్ పద్ధతిలో దీనికి వీడియో తోడవుతుంది. తల్లీబిడ్డా ఆడుకుంటుండగా పది నిమిషాలు తీసి, తరువాత తల్లీ శిక్షకురాలూ కూర్చొని చూస్తారు. ‘ఇక్కడ ఆపుదామా అమ్మా? బాబు ఇప్పుడు దేన్ని చూస్తున్నాడు?’ అని శిక్షకురాలు అడుగుతుంది. రెండోసారి చూసినప్పుడు గాని తల్లికి కనబడదు: తాను బంతి గురించి మాట్లాడుతున్న ఆ క్షణంలో బిడ్డ కిటికీ ఊచల నీడను చూస్తున్నాడు, ఇంకో నాలుగు సెకన్ల తర్వాత ఒక్కసారి తన వైపు తిరిగాడు, ఆ చూపు తనకు అందలేదు. శిక్షకురాలు తప్పు పట్టదు. తల్లి సరిగ్గా స్పందించిన చోట్లనే ఎక్కువగా ఆపి చూపిస్తుంది. తాను చేయగలనన్న నమ్మకం తల్లికి తన వీడియోలోంచే రావాలన్నది ఈ పద్ధతి కీలకం.

రుజువులు ఎంతవరకు

ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు మిగతావాళ్ల కంటే తక్కువ స్పందించేవాళ్లేమీ కాదని మైకేల్ సిల్లర్, మరియన్ సిగ్మన్ 2002లో చూపారు. బిడ్డ దృష్టి ఉన్నచోటే మాట్లాడే అలవాటు వాళ్లలోనూ అంతే ఉంది. కాకపోతే అది ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లలు ఏళ్ల తర్వాత భాషలో ముందుకు పోయారు. ఈ రెండు సంగతులనూ కలిపి పట్టుకోవాలి. మొదటిది వదిలేస్తే బెటెల్‌హైమ్ నింద మళ్లీ దొడ్డిదారిన వస్తుంది. మామూలు పిల్లలకు మామూలు స్పందన సరిపోతుంది. వీళ్లకు అంతకంటే నిశితమైనది కావాలి. శిక్షణ ఆ నైశిత్యం కోసమే.

ఆ శిక్షణ పనిచేస్తుందా అన్నదాన్ని చీటీలు తీసినట్టు కుటుంబాలను రెండు జట్లుగా విడదీసి పోల్చిన ప్రయోగాలే చెప్పగలవు. 2013లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ అలాంటి 17 అధ్యయనాలను, 919 మంది పిల్లల ఫలితాలను కలిపి చూసింది. తల్లిదండ్రుల తీరులో మార్పు, తల్లీబిడ్డలు కలిసి దృష్టి పెట్టే సమయంలో పెరుగుదల స్పష్టంగా కనబడ్డాయి. పిల్లల భాషలో లాభం మాత్రం అంత గట్టిగా తేలలేదు. విడివిడి ప్రయోగాల కథా అదే. హానెన్ వారి కార్యక్రమాన్ని 62 మంది పసిపిల్లలతో 2011లో పరీక్షిస్తే మొత్తంమీద తేడా కనబడలేదు. వస్తువులతో అంతగా ఆడని పిల్లలకు మాత్రం మేలు జరిగింది. డెన్వర్ నమూనాను తల్లిదండ్రుల ద్వారా వారానికి ఒక గంట చొప్పున 12 వారాలు, 98 మంది పిల్లలతో నడిపిన 2012 ప్రయోగంలో రెండు జట్లూ సమానంగా ఎదిగాయి. అదే నమూనాను థెరపిస్టులు రెండేళ్లపాటు నడిపినప్పుడు, 2010లో, ఫలితం బలంగా వచ్చింది. తల్లిదండ్రుల శిక్షణ థెరపిస్టుకు ప్రత్యామ్నాయం అనేవాళ్లు ఈ రెండు ప్రయోగాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

అన్నింటికంటే లోతుగా పరిశీలించినది పాక్ట్. లండన్, మాంచెస్టర్, న్యూకాజిల్‌లలో 152 మంది పిల్లలతో నడిచిన ఆ ప్రయోగం 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చినప్పుడు చాలామంది నిరాశపడ్డారు. తల్లిదండ్రుల స్పందన గణనీయంగా మెరుగైంది, పిల్లలు తమంతట తాము సంభాషణ మొదలుపెట్టడం పెరిగింది. కాని అపరిచితుడైన నిపుణుడు కొలిచిన ఆటిజం లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అలలు ఒడ్డుకు చేరే కొద్దీ పలచబడినట్టు, తల్లిలో పెద్దదిగా ఉన్న మార్పు బిడ్డలో మధ్యస్థమై, బిడ్డకూ బయటివారికీ మధ్య సన్నగిల్లింది. అయితే దాదాపు ఆరేళ్ల తర్వాత వెతికి పట్టుకున్న 121 మంది పిల్లల్లో, శిక్షణ పొందిన జట్టు వైపు లక్షణాల తీవ్రత తక్కువగా ఉందని 2016లో తేలింది. శిక్షణ ఆగిపోయినా ఇంట్లో మారిన మాట తీరు ఆగలేదన్నది దీనికి నమ్మదగిన వివరణ. ఇంటితోపాటు బడినీ కలిపి 249 మందితో చేసిన తదుపరి ప్రయోగం 2022లో మళ్లీ లక్షణాల్లో తేడా చూపలేకపోయింది. ఆ ఫలితాన్ని దాచిపెట్టి 2016 నాటిదాన్నే ప్రచారం చేయడం తల్లిదండ్రులకు ద్రోహం.

ఆస్ట్రేలియాలో తొలి సంకేతాలు కనబడిన ఏడాది వయసు పసిపిల్లల కుటుంబాలకు వీడియో పద్ధతిలో శిక్షణ ఇచ్చిన ప్రయోగం 2021లో ఆశ రేపింది. మూడేళ్లు వచ్చేసరికి ఆటిజం నిర్ధారణకు సరిపడే లక్షణాలు ఉన్నవాళ్లు శిక్షణ జట్టులో 6.7 శాతం, మరో జట్టులో 20.5 శాతం. పాల్గొన్నది 103 మందే. ఇంకోచోట, ఇంకో బృందం ఇదే ఫలితాన్ని చూపేదాకా దీన్ని నివారణగా చెప్పుకోకూడదు.

ఈ లెక్కలన్నిటికీ కొలత సమస్య ఉంది. శిక్షణ పొందిన తల్లినే ‘మీ బాబు మెరుగయ్యాడా?’ అని అడిగితే ఆశ జవాబిస్తుంది. అందుకే ఏ జట్టో తెలియని మూడో మనిషి వీడియో చూసి లెక్కపెట్టాలి. అలా లెక్కపెట్టిన ప్రయోగాలు తక్కువ.

దక్షిణాసియాలో

ఇక్కడ అసలు ప్రశ్న వేరు. మాంచెస్టర్‌లో స్పీచ్ థెరపిస్టు చేసే పనిని ఇక్కడ ఎవరు చేస్తారు? గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ పాక్ట్‌ను పాస్ పేరుతో మార్చి, స్పీచ్ థెరపీ చదవని ఆరోగ్య కార్యకర్తలకు నేర్పించి, 12 సెషన్లుగా ఇళ్లకు పంపారు. 2016లో ప్రచురితమైన ఈ ప్రయోగంలో 2 నుంచి 9 ఏళ్ల పిల్లలు 65 మంది ఉన్నారు. తల్లిదండ్రుల స్పందన, పిల్లలు తామే చొరవ తీసుకోవడం రెండూ గట్టిగా పెరిగాయి. ఇద్దరూ కలిసి ఒకదాని మీద దృష్టి నిలిపే సమయం మాత్రం తగ్గింది. మొదటి రెండింటిని చెప్పేవాళ్లు మూడోదాన్ని తరచు మరిచిపోతారు. ఇదే పద్ధతిని ఢిల్లీలో ఇంకా పెద్ద ఎత్తున పరీక్షకు పెట్టారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన సంరక్షకుల శిక్షణ కూడా నిపుణులు లేనిచోట్ల కోసమే. అందులో తొమ్మిది బృంద తరగతులు, మూడుసార్లు ఇంటికి రావడం ఉంటాయి. వయసు 2 నుంచి 9. రోగనిర్ధారణ కాగితం చేతికి వచ్చేదాకా ఆగనక్కర్లేకపోవడం దీని సుగుణం. అపాయింట్‌మెంటు కోసమే నెలలు గడిచేచోట అది చిన్న సంగతి కాదు.

భారతదేశంలో ఈ దారి వేసింది తల్లిదండ్రులే. ఢిల్లీలో 1991లో మెరీ బరువా నెలకొల్పిన యాక్షన్ ఫర్ ఆటిజం సంస్థ దేశం నలుమూలల నుంచి తల్లీబిడ్డలను పిలిపించి 12 వారాలు కలిసి శిక్షణ ఇచ్చే కార్యక్రమాన్ని నడిపింది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, నేటి నైపిడ్, ఆటిజం అంచనాకు 40 అంశాల భారతీయ కొలమానం ఇచ్చింది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజాన్ని పేరుపెట్టి గుర్తించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో సత్వర చికిత్సా కేంద్రాలు వచ్చాయి. రెండు తెలుగు రాష్ట్రాల మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, గడప గడపకూ తిరిగే అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలున్నారు. గోవా అనుభవాన్ని బట్టి చూస్తే శిక్షణను ఇంటిదాకా మోసుకుపోగల యంత్రాంగం తెలుగు నేల మీద లేకపోలేదు. కావలసింది వాళ్ల చేతికి తెలుగులో రాసిన పాఠ్యక్రమం, నెలనెలా వీడియోలు చూసి సరిదిద్దే నిపుణుడు. ఈ రెండోది లేకుండా పది రోజుల వర్క్‌షాపుతో సరిపెడితే మిగిలేది సర్టిఫికెట్టు.

వేళకు రాకపోవడమూ ఒక అడ్డంకి. ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమే’, ‘మేనమామకూ నాలుగేళ్లకే వచ్చాయి’ అన్న ఓదార్పుల్లో విలువైన రెండేళ్లు పోతాయి. ఏడాదిన్నరకు వేలు చూపకపోవడం, పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం కనబడితే వినికిడి పరీక్ష చేయించి, శిక్షణ మొదలుపెట్టాలి. తరువాత మాటలు వాటంతటవే వచ్చినా, నేల మీద కూర్చొని బిడ్డతో ఆడినందువల్ల పోయేదేమీ లేదు.

ఏ భాషలో, ఏ సాధనంతో

ఇంట్లో ఒకే భాష, అదీ ఇంగ్లిషే మాట్లాడమన్న సలహా తెలుగు కుటుంబాలకు హైదరాబాదులోనూ అందుతోంది, డల్లాస్‌లోనూ అందుతోంది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల భాష వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. కెనడాలో 2012లో ద్విభాషా కుటుంబాల పిల్లలను పోల్చి చూసినప్పుడు అదనపు ఆలస్యం కనిపించలేదు. శిక్షణ కోణం నుంచి ఈ సలహా ఇంకా హానికరం. బిడ్డ చూపు పడిన క్షణంలోనే, ఆలోచించకుండా, ముద్దుగా నోటికొచ్చే మాట తల్లికి తన భాషలోనే వస్తుంది. ‘బువ్వ’, ‘బబ్బో’, ‘దా దా’ అనే తల్లి ‘ఈట్’, ‘స్లీప్’, ‘కమ్’ అనడం మొదలుపెడితే ఆమె మాటల సంఖ్యా తగ్గుతుంది, గొంతులో ఆటా తగ్గుతుంది. తాతయ్య, అమ్మమ్మ సంభాషణలోంచే తప్పుకుంటారు.

ఎంత శిక్షణ ఇచ్చినా కొందరు పిల్లలకు నోటి మాట రాదు. వాళ్ల కోసం 1985లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ బొమ్మల మార్పిడి పద్ధతి తెచ్చారు: కావలసినదాని బొమ్మను తీసుకొచ్చి మనిషి చేతిలో పెట్టడం. చేతిలో పెట్టడమన్నదే అందులో అసలు విషయం. తల్లి మణికట్టు లాగిన చెయ్యి ఇప్పుడు ఆమె అరచేతిని వెతుక్కుంటుంది. టాబ్లెట్‌లో బొమ్మ నొక్కితే మాట పలికే యాప్‌లు తరువాత వచ్చాయి. చెన్నైలో తయారైన ఆవాజ్ వాటిలో ఒకటి. బొమ్మలు అలవాటైతే ఇక మాట్లాడడన్న భయం తల్లిదండ్రుల్లో సహజం. పరిశోధన దాన్ని సమర్థించలేదు. కసారి బృందం 2014లో, మాటలు చాలా తక్కువగా ఉన్న 61 మంది పిల్లలతో చేసిన ప్రయోగంలో, మాట పలికే పరికరం మొదటి నుంచీ వాడిన జట్టే ఎక్కువగా సంభాషించింది. దీనికి పూర్తిగా వేరైనది, బిడ్డ చేతినో మోచేతినో పెద్దలు పట్టుకొని అక్షరాలు టైపు చేయించే ‘ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్’. అక్కడ మాటలు పట్టుకున్నవారివే అని నియంత్రిత పరీక్షలు తేల్చాయి. అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం 2018లో దాన్నీ, పెద్దలు పట్టుకున్న అక్షరాల పలక మీద బిడ్డతో అక్షరాలు చూపించే, సోమా ముఖోపాధ్యాయ్ ప్రచారంలోకి తెచ్చిన ర్యాపిడ్ ప్రాంప్టింగ్ పద్ధతినీ వాడవద్దని చెప్పింది. బిడ్డ నోట మాట వినాలని తపించే తల్లిదండ్రులకు ఈ తేడా మొదటి రోజే చెప్పాలి.

భారం ఎవరి మీద

శిక్షణకు వచ్చేది ఎక్కువగా తల్లులు. ఉద్యోగం మానేసి, అత్తింటి సూటిపోటి మాటలు పడుతూ, రోజుకు అరగంట ‘ప్రాక్టీసు’ చేయవలసింది వాళ్లే. 86 మంది పసిపిల్లల కుటుంబాలతో కసారి బృందం 2015లో చేసిన పోలికలో, చేయించి నేర్పిన జట్టులో బిడ్డతో కలిసి ఆడటం పెరిగింది. విషయాలు వివరించి ధైర్యం చెప్పిన జట్టులో తల్లిదండ్రుల ఒత్తిడి ఎక్కువ తగ్గింది. రెండూ కావాలన్నది ఇందులోంచి తేలే నిర్ణయం. ప్రాక్టీసును స్నానం, భోజనం, బట్టలు వేయడం వంటి పనుల్లోనే కలిపేయడం, తండ్రికీ నాయనమ్మకూ కూడా నేర్పడం, జరగని రోజున తల్లిని నిలదీయకపోవడం భారాన్ని కొంత తగ్గిస్తాయి. ఇంటి శిక్షణను చూపి ప్రభుత్వం థెరపిస్టుల పోస్టులు ఖాళీగా ఉంచితే మాత్రం దాన్ని ఏ పద్ధతీ సరిచేయలేదు.

ఆటిజం ఉన్న పెద్దవాళ్ల నుంచి వచ్చే అభ్యంతరం మరొకటి. 1993లో జిమ్ సింక్లెయిర్ తల్లిదండ్రులను ఉద్దేశించి, లేని బిడ్డ కోసం ఏడవడం మాని ఉన్న బిడ్డను చూడమన్నారు. 2012లో డేమియన్ మిల్టన్, అపార్థం ఇరువైపులా ఉంటుందని వాదించాడు: ఆటిజం ఉన్నవారికి ఇతరులు అర్థం కానట్టే ఇతరులకు వాళ్లూ అర్థం కారు. కళ్లలోకి చూడమని బలవంతం చేయడం, చేతులు ఆడిస్తే పట్టుకొని ఆపడం ఈ విమర్శ ముందు నిలవవు. పాక్ట్ వంటి పద్ధతులు ముందుగా మార్చేది బిడ్డను కాదు, పెద్దవాళ్లను. అందువల్ల ఈ విమర్శకు అవి దగ్గరగా నిలబడగలిగాయి.

ఈ పరిశోధనలో ఎక్కువ భాగం ఐదేళ్లలోపు పిల్లల దగ్గరే ఆగిపోయింది. కౌమారంలోని వారికి ఎలిజబెత్ లాగెసన్ రూపొందించిన పీర్స్ కార్యక్రమం ఉంది. అందులో తల్లిదండ్రులు స్నేహాలకు తోడ్పడే శిక్షకులుగా పక్క గదిలో తామూ పాఠం వింటారు. అది ధారాళంగా మాట్లాడేవాళ్ల కోసం. మాటలు రాని పద్నాలుగేళ్ల అబ్బాయికి, అమ్మాయికి కావలసిన మాటలు వేరు: ఎక్కడ నొప్పిగా ఉందో చూపడం, ముట్టుకోవద్దని చెప్పడం, నెలసరి వచ్చిందని తెలియజేయడం, గది తలుపు మూయమనడం, ఎవరైనా భయపెడితే ఇంట్లో చెప్పడం. ఆ మాటలున్న బొమ్మల పుస్తకాన్ని ఎలా తయారుచేయాలో, వాటిని ఎలా అలవాటు చేయాలో తల్లిదండ్రులకు నేర్పే పాఠ్యక్రమాలు చాలా తక్కువ. ఆ వయసు పిల్లల ఇళ్లలో అమ్మా నాన్నా ఇప్పటికీ తమకు తోచినట్టు చేసుకుపోతున్నారు.